కృష్ణా డెల్టాలో క్రైస్తవ పరిభాష

తెలుగులో క్రైస్తవ వేదాంతానికి పరిభాష కుదరడానికి వందేళ్లకు పైగా పట్టింది. 18వ శతాబ్దం తొలి సగంలోనే మిషనరీ బెంజమిన్ షుల్జ్ మద్రాసులో బైబిలును తెలుగు చేశాడు గానీ అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ దెగ్రాంజ్‌లు బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన ఆనందరాయర్ సాయంతో సువార్తలను అనువదించడం మొదలుపెట్టారు. వాటిలో మూడు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. 1841లో మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ కృష్ణా డెల్టాలోని మచిలీపట్నం వచ్చారు. 1843లో నోబుల్ తెరిచిన బడిలో బైబిలు డెల్టా అగ్రకులాల పిల్లలకు పాఠమైంది.

బాప్తిస్మం, అపొస్తలుడు, మెస్సీయ వంటివి మూలభాషల ధ్వనితోనే తెలుగులోకి వచ్చాయి. తక్కిన వాటిలో చాలా మాటలు శాస్త్రాల నుంచి తీసుకున్నవి. మనువు, యాజ్ఞవల్క్యుల పేర్లతో వినిపించే ‘ధర్మశాస్త్రం’ మోషే ఆజ్ఞలకు పేరయింది. న్యాయదర్శనంలో ఒక ప్రమాణమైన ‘ఉపమానం’ యేసు చెప్పిన కథలకు స్థిరపడింది. మోక్షం అంటే జనన మరణ చక్రం నుంచి విడుదల అనే భావం వెంట వస్తుంది. దాని స్థానంలో ‘రక్షణ’ నిలిచింది. అది మంచి ఎంపిక. రక్షణ అనగానే రక్షించేవాడు ఒకడు ఉండాలని వినేవారికి తోస్తుంది, క్రైస్తవ బోధలోని కీలకమూ అదే. పశ్చాత్తాపానికి వాడే ‘మారుమనస్సు’ అంతకన్నా గొప్ప మాట. అక్షరం రాని శ్రోతకు కూడా వివరణ అక్కర్లేదు.

మాటలే కాదు, కథ వెనక ఆధ్యాత్మిక అర్థం చూసే క్రైస్తవ వ్యాఖ్యాన పద్ధతీ ఈ నేలకు కొత్త కాదు. మచిలీపట్నానికి పడమర ఉన్న కూచిపూడిలో సిద్ధేంద్రయోగి పేరున నిలిచిన భామాకలాపంలో సత్యభామ విరహాన్ని పరమాత్మ కోసం జీవాత్మ పడే తపనగా చెప్పే సంప్రదాయం ఉంది. బైబిలులోని పరమగీతాన్ని 3వ శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి ఓరిజెన్ ఇలాగే వ్యాఖ్యానించాడు. వధువు సంఘమని, విశ్వాసి ఆత్మ అని, వరుడు క్రీస్తు అని అతని భావం. శృంగారాన్ని భక్తిగా చదివే అలవాటున్న శ్రోతకు ఈ అర్థం కష్టమనిపించదు. పాత నిబంధన బలులను క్రీస్తుకు ‘ఛాయ’ అనడంలోనూ కనిపించే వస్తువు వెనక అసలు వస్తువును చూసే చూపే ఉంది.

డెల్టాలో క్రైస్తవులందరి మాట ఒకటి కాదు. ప్రొటెస్టెంట్లు బాప్తిస్మం, పరిశుద్ధాత్మ, ప్రభు రాత్రి భోజనం అంటారు. మేరీమాత ఉత్సవానికి ఏటా ఫిబ్రవరిలో విజయవాడ గుణదల కొండకు చేరే కథోలికులు జ్ఞానస్నానం, పవిత్రాత్మ, దివ్యసత్ప్రసాదం అంటారు. ఈ రెండు వరుసల మాటలనూ వాటి పాత శాస్త్రార్థాలతో సహా పక్కపక్కన పెట్టి వివరించే నిఘంటువు తెలుగు పాఠకులకు కావాలి. ఆ పనికి క్రైస్తవ పండితులు, సంస్కృత పండితులు కలిసి కూర్చోవాలి.