బీపీ కథలో వదిలేసిన అధ్యాయం

కర్నూలు, కడప జిల్లాల్లో బీపీ గురించి ఎవరిని అడిగినా ఒకటే మాట: ఉప్పు, కోపం బీపీని పెంచుతాయి, పెరిగిన బీపీ కిడ్నీలను చెడగొడుతుంది. అబద్ధం కాదు గానీ ఇది సగమే. బీపీని పెంచేది కిడ్నీయో, దాని నెత్తిన ఉండే అడ్రినల్ గ్రంథో అయిన రోగులూ ఉన్నారు.

1836లో రిచర్డ్ బ్రైట్ చెడిన కిడ్నీకీ పెరిగిన గుండెకూ ముడి చూశాడు. 1898లో టైగర్‌స్టెడ్, బెర్గ్‌మన్ కుందేలు కిడ్నీ రసంలో పోటు పెంచే పదార్థాన్ని కనిపెట్టి రెనిన్ అన్నారు. 1934లో గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీ ధమనిని బిగించి బీపీ తెప్పించాడు. మామూలుగా చెప్పే చరిత్ర ఇక్కడినుంచి నేరుగా మందుల దగ్గరకు దూకుతుంది. నా అభ్యంతరం ఆ దూకుడు మీదే. ధమని బిగిస్తే ఏమవుతుందో గోల్డ్‌బ్లాట్ చూపాడు. ఆరోగ్యవంతుడి ఒంట్లో రెనిన్‌కు పనేమిటో ఆ ప్రయోగం చెప్పలేదు.

చెప్పినవాళ్లు సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవాళ్లు. కిడ్నీ వడపోత గుచ్ఛంలోకి రక్తం తెచ్చే సన్నని ధమని గోడలో రేణువులు నిండిన కణాలున్నాయని 1925లో రైటర్ రాశాడు. అవి హార్మోను తయారుచేసే కణాలని 1930లలో బెల్జియంలో గూర్‌మాటిగ్ వాదించాడు. 1950లలో హార్ట్‌రాఫ్ట్ దంపతులు ఎలుకలకు ఉప్పు తగ్గిస్తే ఆ రేణువులు పెరిగాయి, ఎక్కువ పెడితే తగ్గాయి. రేణువులు పెరిగినప్పుడు అడ్రినల్ పైపొర కూడా మందమెక్కింది. రేణువుల లెక్క పరోక్ష సాక్ష్యమే, నిజమే. కానీ 1953లో సింప్సన్, టెయిట్ బృందం అడ్రినల్ హార్మోను అయిన ఆల్డోస్టిరాన్‌ను వేరుచేసింది. 1960 ప్రాంతంలో లారా, జెనె, డేవిస్ వేర్వేరుగా చేసిన పనితో వరస తేలింది: ఒంట్లో ఉప్పూనీరూ తగ్గితే కిడ్నీ కణాలు రెనిన్ వదులుతాయి, దానివల్ల యాంజియోటెన్సిన్ పుడుతుంది, అది అడ్రినల్‌ చేత ఆల్డోస్టిరాన్ స్రవింపజేస్తుంది, కిడ్నీ ఉప్పును పట్టి ఉంచుతుంది. చెనక్కాయ చేలో చెమటోడ్చే కూలీని ఎండలో నిలబెట్టేది ఈ ఏర్పాటే.

అలాగని ప్రతి బీపీకీ రెనినే కారణమనడమూ తప్పే. చాలామందిలో అది మామూలుగానో తక్కువగానో ఉంటుంది. ఆ తక్కువలోనే ఒక ఆధారం ఉంది. అడ్రినల్‌లో గడ్డ లేచి ఆల్డోస్టిరాన్‌ను తనంతట తానే కురిపిస్తే రెనిన్ అణిగిపోతుంది, బీపీ పెరుగుతుంది, కొందరిలో పొటాషియం కూడా పడిపోతుంది. కాన్ అనే వైద్యుడు దీన్ని 1955లో ప్రచురించాడు. కర్నూలు మెడికల్ కాలేజీ తెరిచింది 1957లో. మన దగ్గరి వైద్యవిద్య కంటే ఈ జ్ఞానమే పాతది.

ఇవాళ రెనిన్ దారిని అడ్డుకునే టెల్మిసార్టాన్, లోసార్టాన్ ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి. ఆల్డోస్టిరాన్‌ను మాత్రం వెతికేవాళ్లు తక్కువ. మూడు మందులకూ లొంగని బీపీకి నాలుగో మందుగా, ఆల్డోస్టిరాన్ పనిని అడ్డుకునే చవకైన పాత స్పైరోనోలాక్టోన్ బాగా పనిచేస్తుందని 2015లో బ్రిటన్‌లో జరిగిన పాత్‌వే-2 అధ్యయనం తేల్చింది. బీపీ ఉన్న అందరికీ ఆల్డోస్టిరాన్, రెనిన్ పరీక్షలు చేయాలన్నది 2025 నాటి అంతర్జాతీయ సూచన. పల్లె ఆసుపత్రుల్లో అది ఇప్పట్లో సాగదని నా అనుమానం. చిన్న వయసులో బీపీ వచ్చినవాళ్లకూ, పొటాషియం తగ్గినవాళ్లకూ, మూడు మాత్రలకూ లొంగనివాళ్లకూ అయినా చేయకపోవడం అన్యాయం. పరీక్ష లేదు కదా అని స్పైరోనోలాక్టోన్‌ను ఊరికే రాసివ్వడమూ కుదరదు. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లలో అది పొటాషియాన్ని ప్రమాదకరంగా పెంచగలదు. మాత్ర మొదలుపెట్టిన కొద్ది రోజులకే రక్తపరీక్ష చేయించాలి.