ఆకుకంటె ముందు పుట్టిన రంధ్రము

చోడవరం చెరకు ఆకును సూక్ష్మదర్శినిలో చూచినచో సన్నని నోళ్లు వరుసలుగా కనబడును. వీనిని పత్రరంధ్రములందురు. పేరు ఇట్లున్నను ఇవి ఆకులకంటె ముందే పుట్టినవి.

నీరు విడిచి నేలకెక్కిన మొక్క, ఎండకు వాడకుండ మైనపుపొర కప్పుకొనెను. ఆ పొర ఆహారమునకు కావలసిన బొగ్గుపులుసు వాయువును గూడ అడ్డగించెను. తెరచి మూయగల ద్వారము అవసరమైనది.

దీనికి సాక్ష్యము స్కాట్లండులో దొరికినది. రైనీ గ్రామమున 1912లో మాకీ అను వైద్యుడు గుర్తించిన శిలలలో, సుమారు 40 కోట్ల ఏండ్లనాటి మొక్కలు కణములతోసహా నిలిచియున్నవి. 1917 మొదలు కిడ్‌స్టన్, లాంగ్ వానిని వర్ణించిరి. రైనియా అను మొక్కకు వేరులేదు, ఆకులేదు. కాడమీద రంధ్రములు మాత్రము కలవు! ఒక్కొక్కదానికి రెండు రక్షక కణములు, నేటి మొక్కలకున్నట్లే.

మాస్ మొక్కలలో ఇవి సిద్ధబీజముల తిత్తిమీదనే ఉండును. తిత్తి ఎండి పగులుటకే తోడ్పడునని కొందరి మతము. మొదటి రంధ్రము ఊపిరికొరకా, ఆరుటకొరకా అన్నది ఇంకను వివాదముననే యున్నది.