గోదావరి పగులు లోయ: బీజాపూర్‌లో భూమి ఎందుకు కంపించింది?

2024 డిసెంబర్ 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు తెలంగాణలోని ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం సంభవించింది. అది దాదాపు 40 కిలోమీటర్ల లోతున పుట్టినట్లు జాతీయ భూకంప కేంద్రం నమోదు చేసింది. గోదావరికి ఆవల, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలోనూ నేల కంపించింది. హిమాలయాలకు ఎంతో దూరాన, అగ్నిపర్వతమన్నదే లేని ఈ అడవి సీమలో భూమి కదలడానికి కారణం గోదావరి లోయలోనే ఉంది.

నదులే లోయలను తొలుస్తాయని సాధారణ అభిప్రాయం. గోదావరి విషయంలో అది సగమే నిజం. ప్రాణహిత సంగమం దిగువన ఈ నది, భ్రంశాల నడుమ కుంగిన పొడవైన పల్లం వెంట సాగుతుంది. దానికి నైరుతిన ధార్వార్ ప్రాచీన శిలాఖండం, ఈశాన్యాన బస్తర్ శిలాఖండం ఉన్నాయి. ఇంద్రావతి గోదావరిలో కలిసే భద్రకాళి పరిసరాలు, అంటే బీజాపూర్ జిల్లా నైరుతి కొస, ఈ పల్లపు అంచునే ఉన్నాయి.

సుమారు 30 కోట్ల సంవత్సరాల కిందట, భారతదేశం గోండ్వానా మహాఖండంలో భాగంగా ఉన్న కాలంలో, ఇక్కడి భూపటలం సాగి కుంగింది. ఆ పల్లాన్ని నదులు ఇసుకతో, ఒండ్రుతో, వృక్ష శిథిలాలతో నింపాయి. నేటి సింగరేణి బొగ్గు ఆ వృక్షాలదే. చీలిక పూర్తయి ఉంటే నడుమ సముద్రం ఏర్పడేది. అది మధ్యలోనే ఆగిపోయింది. భ్రంశాలు మాత్రం మిగిలాయి.

బస్తర్‌కు అగ్నిశిలల చరిత్ర అంతకంటే పాతది. దక్షిణ బస్తర్‌లో గ్రానైట్‌ను చీల్చుకొని గోడల వలె నిలిచిన నల్లని డోలరైట్ శిలలు సుమారు 188 కోట్ల సంవత్సరాల నాటి శిలాద్రవం గట్టిపడి ఏర్పడినవి. కడప జిల్లా పులివెందుల వద్ద లభించిన అగ్నిశిల వయసూ దాదాపు అంతే. రెండింటినీ ఒకే మహా ఉద్గారానికి చెందినవిగా శాస్త్రజ్ఞులు పరిగణిస్తున్నారు.

నేడు భారత ఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్ల వేగంతో ఈశాన్యానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి ఫలకం లోపలి భాగాలకూ చేరుతుంది. పాత భ్రంశాల వద్ద శిలలు ముందుగా జారుతాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతాన్ని 5.7 తీవ్రతతో కుదిపిన భూకంపం ఈ లోయలోనిదే.

ఇంతటి తీవ్రత గల భూకంపాలు ఇక్కడ అరుదు కావడంతో ఇళ్ల నిర్మాణంలో వాటి ఊసే ఉండదు. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని కిల్లారిలో 6.2 తీవ్రత గల భూకంపానికి వేలాది మంది మరణించారు. వారిలో అత్యధికులు మట్టితో పేర్చిన బరువైన రాతి గోడల కింద నిద్రలోనే చిక్కుకున్నారు.