ఒకే చీటీలో మందూ విరుగుడూ

క్రోన్స్ అనే పేగు జబ్బుకు మెథోట్రెక్సేట్ వాడేవాళ్ల మందుల చీటీలో సాధారణంగా ఇంకో మాత్ర కూడా ఉంటుంది, ఫోలిక్ యాసిడ్. మొదటిది వారానికి ఒక్కసారే. దానివల్ల నోటికి జరిగే చెరుపును రెండోది తగ్గిస్తుంది. ఈ రెంటినీ తయారుచేసింది అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో ఒకే బృందం. దానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు పట్టరాని సంతోషం కలిగింది.

సుబ్బారావుగారి అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, మనిషి ఎండిపోతాడు. అదే జబ్బు ఆయన్నీ పట్టుకుంటే మద్రాసులో ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతిగారి మందుతో బయటపడ్డారు. తర్వాత బోస్టన్ వెళ్లి, ఆస్పత్రిలో చిన్నాచితకా పనులు చేసుకుంటూ చదువుకున్నారు. 1940లో లెడర్లీలో చేరారు. అక్కడ కృత్రిమంగా తయారైన ఫోలిక్ యాసిడ్‌ను వైద్యుడు టామ్ స్పైస్ స్ప్రూ రోగులకిస్తే వాళ్లు కోలుకున్నారు. తమ్ముణ్ణీ అన్ననీ తీసుకుపోయిన జబ్బుకు మందు ఆయన బృందం బల్ల మీదే తయారైంది!

ఆ ఫోలిక్ యాసిడ్‌నే కాస్త మార్చి, కణాలు పెరగకుండా అడ్డుకునే అమినోప్టెరిన్ చేశారు. దాన్ని వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకిచ్చారు. 16 మందిలో 10 మందికి గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు, 53 ఏళ్లకే. అమినోప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేట్ క్రోన్స్‌కు పనిచేస్తుందని గట్టిగా తేలడానికి 1995 దాకా పట్టింది. ఆయన బతికుంటే ఇంత ఆలస్యం జరిగేది కాదని నా నమ్మకం. పేగు జబ్బు చేసే చేటు ఆయనకు ఇంట్లోనే తెలుసు.

క్రోన్స్‌ను మూలకణాలతో నయం చేయబోయిన కథలోనూ ఈ మందు ఉంది. మూలకణాలుండే ఎముకమజ్జ మార్పిడి చేశాక, దాత కణాలు రోగి ఒంటి మీదే తిరగబడకుండా ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. ల్యుకేమియాకు అలా మజ్జ ఎక్కించుకున్న కొందరిలో అంతకుముందున్న క్రోన్స్ కూడా అణిగిపోయిందని 1998లో సియాటిల్ వైద్యులు రాశారు. ఆ ఆశతోనే యూరప్‌లో 45 మందిని తీసుకుని, సుమారు సగం మందికి వెంటనే ఎవరి మూలకణాలు వాళ్లకే ఎక్కించి, మిగతావాళ్లతో పోల్చి చూశారు. అనుకున్న ఫలితం రాలేదు, ఒకరు చనిపోయారు.

మాడ్రిడ్‌లో సర్జన్ గార్సియా ఓల్మో వేరే దారి పట్టారు. కొవ్వులోంచి తీసిన మూలకణాలను ఫిస్టులా (క్రోన్స్ వల్ల పేగు నుంచి చర్మం దాకా ఏర్పడే సొరంగం) గోడల్లోకి గుచ్చడం. ముందు ఆ సొరంగాన్ని గీకి శుభ్రం చేసి, లోపలి రంధ్రాన్ని కుట్టేస్తారు. తర్వాత 4 సీసాల్లోని 12 కోట్ల కణాలను సగం ఆ కుట్టు చుట్టూ, సగం గోడల పొడుగునా ఎక్కిస్తారు. అలోఫిసెల్ పేరుతో 2018లో యూరప్ దీన్ని అనుమతించింది. 2023లో పెద్ద పరీక్ష తప్పింది, 2024 చివరికి మందు మార్కెట్లోంచే వెళ్లిపోయింది. దానితో పుండు మానినవాళ్ల అనుభవం వృథా పోకూడదు.

హైదరాబాద్‌కు మూలకణాలు కొత్త కాదు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి 2001లోనే కంటి అంచు మూలకణాలను పెంచి అతికించడం మొదలుపెట్టింది. పేగు మాట వేరు. హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసే వయసువాళ్లకే ఎక్కువగా వచ్చే జబ్బు క్రోన్స్. గచ్చిబౌలి ఏఐజీ ఆస్పత్రి వైద్యులు దీన్ని పల్లెల్లోనూ చూస్తున్నారు. అయితే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం మూలకణాలను పేగు జబ్బుకు వాడాలంటే అనుమతి పొందిన ప్రయోగంలోనే వాడాలి. ఎవరైనా ఎక్కిస్తామంటే, ముందు ఆ ప్రయోగానికి సీటీఆర్ఐలో (వైద్య ప్రయోగాల జాతీయ రిజిస్ట్రీ) ఉన్న నమోదు సంఖ్య అడగండి.