పలువురు కూర్చిన పట్టిక యొకరి సొత్తగుట

గ్రంథాలయమునకు పుస్తకము లెంత ముఖ్యమో పుస్తకముల పట్టికయు నంత ముఖ్యము. వేలాది జనుల శ్రమదానముతో పెరిగిన పట్టిక యొకటి వర్తకుల యధీనమైన చరిత్ర గమనింపదగినది.

తొలినాటి కాంపాక్ట్ డిస్కులలో సంగీత ముండెడిది గాని, కంప్యూటరు చదువగల రూపమున పాటల పేర్లు సాధారణముగా నుండెడివి కావు. పాటల నిడివులనుబట్టి డిస్కును గుర్తించు "ఎక్స్‌ఎమ్‌సీడీ" అను ప్రోగ్రామును 1993 ప్రాంతమున అమెరికాలో టీ కాన్ రచించెను. స్టీవ్ షెర్ఫ్ తోడ్పాటుతో దాని పట్టిక "సీడీడీబీ" అను పేర ఇంటర్నెట్టునందు వెలసెను. శ్రోతలు తమ డిస్కుల వివరములను స్వయముగా టైపుచేసి పంపిరి. ఒకరు వ్రాసినది అందరికిని ఉచితముగా లభించెను.

1998లో ఎసియెంట్ అను సంస్థ దీనిని కొనెను. 2000లో పేరు "గ్రేస్‌నోట్" అని మారెను. 2001లో లైసెన్సు పొందని ప్రోగ్రాములకు ద్వారము మూయబడెను. వ్రాసి పంపినవారికి ప్రతిఫలము లేకపోగా, తమ వ్రాతయే తమకు పరుల షరతులపై లభింపసాగెను. 2008లో సోనీ సంస్థ సుమారు 26 కోట్ల డాలర్లకు గ్రేస్‌నోట్‌ను కొనెను.

ఐనను పాత పట్టిక స్వేచ్ఛా లైసెన్సుతో పంచబడి యుండుటచే, దాని ప్రతినుండి "ఫ్రీడీబీ" పుట్టెను. 2020లో అదియు నిలిచిపోయెను. రాబర్ట్ కే ప్రారంభించిన "మ్యూజిక్‌బ్రెయిన్జ్" మాత్రము లాభాపేక్షలేని సంస్థ నిర్వహణమున నేటికిని నడచుచున్నది. దాని ముఖ్య వివరములు సర్వజనుల సొత్తుగా ప్రకటింపబడినవి.

నలుగురి శ్రమతో పెరిగిన సంపద నలుగురికిని మిగులవలెనన్న సద్భావ మొక్కటే చాలదు. ఆ నియమము మొదటనే వ్రాతలో నుండవలెను. గ్రంథాలయ నిబంధనావళిని చందాదారు లెరిగియుండుట యందులకే మేలు.