ఎక్స్‌పాన్షన్ బస్ ఓవర్‌క్లాకింగ్

మదర్‌బోర్డు స్లాట్లలో గుచ్చిన గ్రాఫిక్స్, సౌండ్, నెట్‌వర్క్ కార్డులకూ ప్రాసెసర్‌కూ మధ్య సమాచారం నడిచే దారి ఎక్స్‌పాన్షన్ బస్. బయాస్ సెటప్‌లోని అంకెలు మార్చి, ఈ బస్ క్లాక్‌ను ప్రమాణం నిర్ణయించిన వేగం దాటించడమే దాని ఓవర్‌క్లాకింగ్. చాలా సందర్భాల్లో ఇది కోరి చేసిన పని కాదు. ప్రాసెసర్ వేగం పెంచబోతే బస్ కూడా వెంట పరుగెత్తేది.

ఐబీఎం 1981లో తెచ్చిన పీసీలో ప్రాసెసర్‌దీ బస్‌దీ ఒకటే వేగం, 4.77 మెగాహెర్ట్జ్. తర్వాత ప్రాసెసర్లు ముందుకు సాగినా, పాత కార్డుల కోసం ఐఎస్ఏ అని పేరుపడ్డ ఈ బస్‌ను 8 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆపారు. 386, 486 ప్రాసెసర్ల బోర్డుల బయాస్‌లో కనిపించే ‘ఏటీ బస్ క్లాక్’ అనేది ఒక భాజకం. 40 మెగాహెర్ట్జ్ బోర్డులో 5తో భాగిస్తే 8, 4తో భాగిస్తే 10, 3తో భాగిస్తే 13.3. కొన్ని కార్డులు దాన్ని తట్టుకునేవి, కొన్ని మొరాయించేవి.

అసలు చిక్కులు పీసీఐతో వచ్చాయి. ఇంటెల్ 1992లో ప్రకటించిన ఈ బస్ 33 మెగాహెర్ట్జ్ దగ్గర, 32 బిట్ల వెడల్పుతో సెకనుకు 133 మెగాబైట్లు మోస్తుంది. ప్రాసెసర్‌ను చిప్‌సెట్‌తో కలిపే 66 మెగాహెర్ట్జ్ ఫ్రంట్ సైడ్ బస్‌లో సగం దాని వాటా. ఫ్రంట్ సైడ్ బస్‌ను 83కు పెంచితే పీసీఐ 41.5కు ఎగబాకుతుంది. కాగితం మీద అది నాలుగో వంతు లాభమే. కానీ హార్డ్ డిస్క్ కంట్రోలర్ కూడా ఆ బస్ మీదే ఉండటంతో ఫైళ్లు చెప్పాపెట్టకుండా చెడిపోయేవి. 1998 నాటి సెలెరాన్ 300ఏ ప్రాసెసర్ అంత పేరు తెచ్చుకోవడానికి ఒక కారణం ఇక్కడే ఉంది. ఫ్రంట్ సైడ్ బస్‌ను 66 నుంచి నేరుగా 100కు మార్చితే అది 450 మెగాహెర్ట్జ్‌లో నడిచేది. భాజకం 3కు మారడంతో పీసీఐ మాత్రం 33 దాటేది కాదు. ఆ కాలపు 440బీఎక్స్ చిప్‌సెట్‌ను 133కు తోస్తే పీసీఐ 4వ వంతుతో క్షేమమే గానీ, గ్రాఫిక్స్ కార్డు స్లాటైన ఏజీపీకి మూడింట రెండు వంతులకు మించిన తగ్గింపు లేదు. 66లో నడవాల్సిన గ్రాఫిక్స్ కార్డు 89 భరించాలి.

2002 ప్రాంతంలో ఎన్‌ఫోర్స్2 వంటి చిప్‌సెట్లు ఏజీపీ, పీసీఐ క్లాక్‌లను విడిగా బిగించే సౌకర్యం ఇచ్చాయి. నా దృష్టిలో బయాస్ చేసిన అతి పెద్ద మేలు ఈ తాళమే, వేగం పెంచే మీట కాదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌కు ఆధారం 100 మెగాహెర్ట్జ్. 2011 నాటి ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లలో అన్నీ ఒకే క్లాక్‌కు ముడిపడటంతో, దాన్ని నాలుగైదు శాతం దాటించగానే యంత్రం తడబడేది. 2015లో స్కైలేక్ ఆ ముడి విప్పింది.

వేడి కూడా లెక్కలోకి వస్తుంది. తరతరాలుగా తెలుగు రైల్వే కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చిప్పు వేడెక్కిన కొద్దీ సంకేతాలు ఆలస్యమవుతాయి కనుక, జనవరి రాత్రి నిలకడగా ఆడిన సెట్టింగు ఆ మధ్యాహ్నం నిలబడకపోవచ్చు. అదే ఊరి స్టేషన్‌లో ఎదురు లెక్క నడుస్తుంది. 2017 నవంబరులో అక్కడ సిగ్నళ్లనూ రైళ్ల దారులనూ నియంత్రించే 800 రూట్ల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ మొదలైంది. అటువంటి వ్యవస్థల్లో ఒకటికి మించిన ప్రాసెసర్లు ఒకే లెక్క చేసి ఫలితాలు సరిపోల్చుకుంటాయి. తేడా వస్తే సిగ్నల్ ఎరుపే. ఇంట్లో ఓవర్‌క్లాకర్ కరగదీసే మిగులు సమయాన్ని అక్కడ కావాలనే అట్టేపెడతారు.

తప్పు అంకె పెట్టి తెర నల్లబడితే సెట్టింగులు దాచే సీమాస్ మెమరీ జంపర్ మార్చడమో, కరెంటు తీసి సీఆర్2032 బ్యాటరీ కాసేపు ఊడదీయడమో చేస్తే సెట్టింగులు మొదటికి వస్తాయి. డిస్కులో చెడిన ఫైళ్లు మాత్రం అలా తిరిగి రావు. అందుకే బస్ క్లాక్ ముట్టుకునే ముందు బ్యాకప్ తీసి, ఒక్కో మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ, ప్రతిసారీ పెద్ద ఫైలు కాపీ చేసి అసలుతో పోల్చి చూస్తారు.