జీరో ఎఫ్‌ఐఆర్

నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా, బాధితులు చేరుకున్న ఠాణాలోనే వరుస సంఖ్యకు బదులు సున్నాతో నమోదయ్యే ప్రథమ సమాచార నివేదికే జీరో ఎఫ్‌ఐఆర్. మౌలాలిలో జరిగిన దోపిడీపై తార్నాక పక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఠాణాలో ఫిర్యాదు ఇచ్చినా పోలీసులు రాసుకోవాల్సిందే. తర్వాత అది పరిధి గల ఠాణాకు బదిలీ అయితే, అక్కడ అసలు నంబరు పడుతుంది. వారంటు లేకుండా అరెస్టు చేయదగిన కాగ్నిజబుల్ నేరాలకే ఇది వర్తిస్తుంది.

2013లో కేంద్ర హోంశాఖ ఈ పద్ధతిని పాటించాలని రాష్ట్రాలకు సూచించింది. అయినా 2019 నవంబరులో శంషాబాద్ పశువైద్యురాలి హత్యోదంతంలో, పరిధి పేరుతో కేసు నమోదు ఆలస్యమైనందుకు ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. గంటలే కీలకమైన అదృశ్యం కేసుల్లో ఈ సున్నా విలువ చాలా పెద్దది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ దీనికి చట్టబద్ధత ఇచ్చింది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఇచ్చిన సమాచారంపై ఫిర్యాదుదారు 3 రోజుల్లో సంతకం చేయాలి. నకలు ఉచితం.